ద్రాక్షతోటల సినిమా, సుగ్గి గుంపులు: కర్నూలు పడమటి పల్లెల్లో ఒక శిక్షణ అనుభవం

కన్నడ నాట సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, ఆ కాలపు సంబరం. సరిహద్దుకు ఇవతల, కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం, పెద్దకడబూరుల్లో మాత్రం అదే మాటకు మిరపకోతకూ పత్తితీతకూ ఊరు విడిచి పోవడమన్న అర్థం స్థిరపడింది. 'సుగ్గికి పోయినారు' అంటే ఇంటికి తాళం పడిందని, ఊళ్ళో ముసలివాళ్ళే మిగిలారని, బడిలో పిల్లలు తగ్గారని వినేవారికి విడిగా చెప్పనక్కరలేదు.

ఈ పల్లెల్లో వ్యవసాయ కూలీలకు కూలి లెక్కల మీద, చట్టాల మీద తరగతులు నడపడం నా పని. 2018లో దసరా దాటాక, గుంపులు బయలుదేరడానికి ముందు దొరికిన మూడు వారాల్లో, ఒక ఊరి గుంపు పెద్దలకు, అమెరికాలో వ్యవసాయ కూలీల సంఘం కట్టిన నాయకుడి మీద తీసిన 'సెసార్ చావెజ్' అనే అమెరికన్ జీవితకథా చిత్రాన్ని చూపించి, దాని ఆధారంగా శిక్షణ ఇచ్చాను. ఆ ప్రయత్నం మొదట ఎలా తప్పిందో, తర్వాత ఎలా దారిలో పడిందో, ఎక్కడ ఆగిపోయిందో ఇదే పనిలో ఉన్న మిత్రుల కోసం రాస్తున్నాను. అందులో పాల్గొన్నవారి కోరిక మేరకు ఊరి పేరు గానీ మనుషుల పేర్లు గానీ ఇవ్వడం లేదు.

గుంపు నడిచే తీరు

తుంగభద్ర దిగువ కాలువ ఈ మండలాల మీదుగానే పోతున్నా, కాలువ చివరి భూములకు నీరు అందుతుందా లేదా అన్నది ఏటా సందేహమే. ఖరీఫ్ పంట ఇల్లు చేరాక వేసవి దాకా ఊళ్ళో పని ఉండదు. వినాయక చవితికీ దసరాకూ మధ్య, కూలీలను గుంపు కట్టి పనికి తీసుకుపోయే మేస్త్రీ ఇంటికి వచ్చి జంటకు ఇంత అని అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు అంగడి బాకీకో, ఆసుపత్రికో, పెళ్ళి అప్పుకో అప్పటికప్పుడే ఖర్చయిపోతుంది. రేటు అంతా నోటిమాటే. పత్తికి కిలోకు ఇంత అంటారు. మిరపకు కొన్నిచోట్ల కిలో లెక్క, కొన్నిచోట్ల దినం లెక్క. గుంటూరు వైపు చేరాక కాటా మేస్త్రీ చేతిలో ఉంటుంది, లెక్కల పుస్తకం అతని చేతిలో ఉంటుంది, చివరి రాత్రి డబ్బు పంచే సంచీ కూడా అతని చేతిలోనే ఉంటుంది. తేమ పేరుతో తూకంలో కోత పడుతుంది. బండి కిరాయి ఎవరు పెట్టుకోవాలన్న సంగతి తిరుగు ప్రయాణం నాడు తేలుతుంది. పని దొరకని రోజుల తిండి ఖర్చు అడ్వాన్సు మీదికి చేరుతుంది.

మేస్త్రీని దుర్మార్గుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. అతనూ ఒకప్పటి కూలీయే, చాలాసార్లు అదే ఊరివాడు, వరసకు మామో చిన్నాయనో అవుతాడు. అందుకే అతన్ని లెక్క చూపించమని అడగడం ఇక్కడివారికి బంధుత్వాన్ని తెంచుకున్నంత కష్టం.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1948 నాటి కనీస వేతనాల చట్టం మొదటినుంచీ వ్యవసాయాన్ని తన జాబితాలో చేర్చుకుంది. వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టం మాత్రం రాష్ట్ర సరిహద్దు దాటి వెళ్ళేవారికే వర్తించేది. కోసిగి నుంచి గుంటూరుకు ఎంత దూరం పోయినా రాష్ట్రం దాటినట్టు కాదు కనుక ఆ చట్టం దృష్టిలో వీరు వలస కార్మికుల కిందికే వచ్చేవారు కాదు. అదే మనిషి గద్వాలకో ఖమ్మానికో పోతే, 2014 జూన్ 2 తర్వాత అది మరో రాష్ట్రం. ఈ తేడా వివరించినప్పుడు ఒకామె, "అంటే దగ్గర పోతే లెక్కకొస్తాం, దూరం పోతే లెక్కకు రామా నాయనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు సరైన జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

ఆ సినిమానే ఎందుకు

డియేగో లూనా దర్శకత్వంలో 2014లో విడుదలైన ఈ చిత్రంలో చావెజ్‌గా మైకేల్ పేన్యా, భార్య హెలెన్‌గా అమెరికా ఫెరేరా, సహ నాయకురాలు డొలోరెస్ హుయెర్తాగా రొసారియో డాసన్ నటించారు. 1927లో ఆరిజోనాలో పుట్టిన చావెజ్ కుటుంబం ఆర్థిక మాంద్యపు రోజుల్లో భూమి పోగొట్టుకుని, కాలిఫోర్నియా తోటల్లో పంట వెంట పంటకు తిరిగే కూలీ కుటుంబంగా మారింది. 1962లో ఆయన డెలానో పట్టణం చేరి, హుయెర్తాతో కలిసి వ్యవసాయ కూలీల సంఘం పెట్టాడు. అక్కడి నుంచి 1970 జూలైలో ద్రాక్షతోటల యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టేవరకు నడిచిన కథే చిత్రానికి ప్రధాన వస్తువు. సొంత పొలం పోయి కూలికి దిగిన కుటుంబం, పంట కోసం ఊరు మారే బతుకు, వంగిన నడుము, మధ్యలో నిలబడే గుత్తేదారు, అన్నీ మా మనుషులకు వెంటనే అర్థమయ్యేవే.

నన్ను ఆకర్షించిన సంగతి మరొకటి ఉంది. 1935లో అమెరికా కార్మికులకు సంఘం పెట్టుకుని బేరమాడే హక్కునిచ్చిన చట్టం వ్యవసాయ కూలీలను తన పరిధి నుంచి బయటే ఉంచింది. సంఘం పెట్టుకునే విషయంలో వ్యవసాయ కూలీలకు మిగతా కార్మికులతో సమాన హక్కు ఉండాలన్న 1921 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను మన దేశం 1923లోనే ఆమోదించింది. డెలానోలో సమ్మె మొదలైన 1965 సెప్టెంబరులో మన కేంద్ర కార్మిక మంత్రి కర్నూలు పక్కనే ఉన్న పెద్దపాడులో, భూమిలేని దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య. వారికి కాగితం మీద లేని హక్కు మనకు కాగితం మీద ఉంది. మరి మన గుంపుల్లో రేటు ఇంకా నోటిమాటగానే ఎందుకు ఉండిపోయింది? ఈ ప్రశ్నను మా వాళ్ళు తమంతట తామే అడగాలని నా ఆశ.

మొదటి రోజు

సంఘం గదిలోని టీవీ ముందు పదిహేడు మంది కూర్చున్నారు, వారిలో ఆరుగురు స్త్రీలు. చిత్రం ఇంగ్లీషులోనూ అక్కడక్కడ స్పానిష్‌లోనూ నడుస్తుంది కనుక ధ్వని తగ్గించి, పక్కన నిలబడి నేను తెలుగులో చెప్పుకుంటూ పోయాను. గంటన్నర దాటిన నిడివిని ఒక్క బిగిన చూపించాను. అది నా మొదటి పొరపాటు.

కొన్ని చోట్ల గది కదిలింది. సమ్మె చేస్తున్నవారు 'వెల్గా' అని, అంటే సమ్మె అని, పొలం గట్టు మీద నిలబడి అరవకూడదని అక్కడి పోలీసులు ఆంక్ష పెడతారు; హెలెన్ ఆ మాటనే గట్టిగా అరిచి అరెస్టు అవుతుంది. 1965 అక్టోబరులో ఆ మాట అరిచినందుకు నిజంగానే 44 మందిని అరెస్టు చేశారు. ఒక్క మాటకు జైలా అని స్త్రీలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

ఉపవాసం ఘట్టం మాత్రం నేను అనుకున్నట్టు తాకలేదు. 1968లో చావెజ్ 25 రోజులు అన్నం ముట్టలేదని చెప్పినప్పుడు, "పని లేని దినం మాకు ఒక్కపొద్దే గదా" అని వెనుక నుంచి ఒకామె మెల్లగా అంది. అది ఎకసెక్కం కాదు. ఆకలి ఇంట్లో ఉన్నవారికి ఆకలిని ఆయుధంగా చూపించడానికి ముందు, ఆ ఉపవాసం యజమానుల మీద కాదని, సమ్మెలో విసిగి దెబ్బకు దెబ్బ అనుకుంటున్న సొంత మనుషులను ఆపడానికని వివరించి ఉండాల్సింది. ఫ్యాక్షన్ ఎన్ని ఇళ్ళను ఖాళీ చేసిందో చూసిన ఈ ప్రాంతంలో ఆ మాటకు ఎంతో బరువు ఉంటుంది. నేను దాన్ని ఒక్క వాక్యంలో దాటేశాను.

చివరికి యజమానులు సంతకాలు పెట్టారు, తెర ఆగింది. చాలాసేపటికి గుంపు పెద్దల్లో వయసు మళ్ళిన ఒకాయన, "బాగుంది సార్. మనకు అట్లాంటి ఆయప్ప యాడ దొరుకుతాడు?" అన్నాడు. మిగతావారు తలూపారు. మీలోనే ఉన్నాడు అన్నట్టు ఏదో చెప్పి ముగించాను గానీ, నా మాట నాకే తేలికగా అనిపించింది. ధైర్యం ఇవ్వాలని చూపించిన సినిమా వారి చేతిలో లేనిదేదో చూపించి పంపింది.

ఆ రాత్రి చిత్రాన్ని మళ్ళీ చూశాను. దర్శకుడిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒక మనిషి జీవితాన్ని చెప్పే సినిమా ఆ మనిషి చుట్టూ తిరగక తప్పదు. ప్రతి మలుపూ చావెజ్ మనసులో నిర్ణయమై బయటికి వస్తుంది, మిగతావారు ఆ నిర్ణయం వెంట నడుస్తారు. సమ్మె మొదలైన తీరు మాత్రం అది కాదు. 1965 సెప్టెంబరు 8న పనులు ఆపింది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు. వారి నాయకుడు లారీ ఇట్లియాంగ్. గంటకు ఒక డాలరు 40 సెంట్లు, పెట్టెకు 25 సెంట్లు అన్నది వారి కోరిక. చావెజ్ సంఘంలోని మెక్సికన్ కూలీలు తమ సభలో ఓటు వేసి సమ్మెలో కలిసింది సెప్టెంబరు 16న, ఎనిమిది రోజుల తర్వాత. తమ సంఘం ఇంకా సిద్ధంగా లేదని చావెజ్ అనుకుంటున్న సమయమది. చిత్రంలో ఫిలిప్పీన్ కూలీలకు దక్కిన చోటు చాలా చిన్నది. ఈ విషయమై చిత్రం మీద విమర్శలూ వచ్చాయి.

నాకు మరింత ముఖ్యంగా తోచింది 1962కూ 1965కూ మధ్య ఉన్న మూడేళ్ళు. సినిమాకు అవి త్వరగా దాటవలసిన రోజులు. సంఘం నడిపేవాడికి మాత్రం అసలు పని ఉన్నది ఆ రోజుల్లోనే: ఇల్లిల్లూ తిరగడం, నెలకు మూడున్నర డాలర్ల చందా వసూలు చేయడం, ఆ చందా కట్టిన ఇంట్లో ఎవరైనా పోతే అంత్యక్రియల ఖర్చుకు బీమా ఇవ్వడం, చిన్న పరపతి సంఘం పెట్టి దాని లెక్కలు హెలెన్ చేతిలో పెట్టడం. సమ్మె అన్న ఆలోచన అప్పటికి దూరాన ఉంది.

రెండో కూర్పు

వారం తర్వాత అదే పదిహేడు మందిని మళ్ళీ పిలిచాను. పద్నాలుగు మంది వచ్చారు. ఈసారి సినిమాను మొత్తం చూపించలేదు. మూడు తునకలు తీసుకుని, ఒక్కొక్కదాని ముందూ వెనుకా సినిమాలో లేని సంగతులు చెప్పాను.

మొదట ఇట్లియాంగ్ కథ చెప్పాను. తోటల యజమానులు మెక్సికన్లు పని ఆపితే ఫిలిప్పీన్ వారిని, వారు ఆపితే వీరిని దించి పని జరిపించుకోవడం అలవాటు చేసుకున్నారని, అందుకే ఆ ఎనిమిది రోజులు అంత ముఖ్యమని వివరించాను. "మా ఊరోళ్ళు రాకపోతే పక్క ఊరోళ్ళను ఎక్కించుకుని పోతాడు మేస్త్రీ, అదే గదా ఇది" అని ఒక యువకుడు వెంటనే అందుకున్నాడు. నేను అడక్కుండానే వారు తమ బతుకుకు పోల్చుకున్నది అదే మొదలు.

రెండోది చావు ఖర్చు. దీన్ని తరగతి అనడం కూడా సరికాదు. అంత్యక్రియల బీమా మాట ఎత్తగానే, మూడేళ్ళ కిందట గుంటూరు వైపు చేను గట్టున పాము కరిచి చనిపోయిన ఒక మనిషిని ఊరికి తెచ్చుకోవడానికి ఆ కుటుంబం పడిన పాటు గురించి స్త్రీలు చెప్పుకోసాగారు. బండివాడు అడిగిన కిరాయి, మేస్త్రీ దాన్ని అడ్వాన్సుకు కలిపిన తీరు, భర్త పోయాక కూడా ఆ అడ్వాన్సు తీరేదాకా ఆమె కోతలోనే ఉండిపోవడం. రెండు గంటలు గడిచాయి. నేను ఒక్క మాట కూడా కలపలేదు. చివరికి వారే, ఇంటికి నెలకు యాభై రూపాయలు వేసి, సుగ్గి నుంచి శవాన్నో రోగినో తెచ్చుకోవడానికి ఒక నిధి పెట్టుకుందామని అనుకున్నారు. అంతకుముందు ఎన్నిసార్లు సంఘ చందా గురించి చెప్పినా కదలని చోట ఆ రోజు కదలిక వచ్చింది.

మూడోది 'వెల్గా' ఘట్టం. దాన్ని చూపించి, మీరు మేస్త్రీ ముందు ఇప్పటిదాకా అనలేని మాట ఏది అని అడిగాను. చాలాసేపు ఆలోచించి ఒకామె, "పుస్తకం చూపించు మామా" అంది. అందరూ దాన్నే ఖాయం చేశారు. అప్పుడు ఆ మాట ఎవరు, ఎప్పుడు, ఎలా అనాలో అక్కడే నటించి చూసుకున్నాం. మేస్త్రీ వేషం వేసిన యువకుడు కోపగించుకోవడం, బతిమాలడం, "నా మీద నమ్మకం లేదా" అని నొచ్చుకోవడం, మూడూ చేసి చూపించాడు. ఆ మూడోదానికి జవాబు వెతకడానికే ఎక్కువ సమయం పట్టింది.

ఉపాధి హామీ పథకం ఇక్కడ ఎలా ఉపయోగపడిందో కూడా చెప్పాలి. ఆ పథకం మన పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. మస్టరు, కొలత, దినాల లెక్క అన్నవి అప్పటినుంచి ఈ పల్లెల స్త్రీలకు అలవాటైన మాటలు. పద్నాలుగు మందిలో ఇద్దరు ఆ పథకంలో మేట్లుగా, అంటే పనిచోట కూలీల హాజరు రాసేవారిగా, పనిచేసినవారు. నోటుపుస్తకం రాసే పని వారికి అప్పగించాలన్న సూచన నాది కాదు, గుంపుదే.

చావెజ్ ఉద్యమంలో ప్రపంచానికి బాగా తెలిసిన ద్రాక్ష బహిష్కరణను నేను కావాలనే పక్కన పెట్టాను. అక్కడ ఎదుటి పక్షంలో షెన్లీ వంటి పెద్ద మద్యం కంపెనీలు ఉన్నాయి. వాటి సరుకును దుకాణంలో పేరు చూసి గుర్తుపట్టి కొనకుండా ఉండవచ్చు. 1966 వసంతంలో డెలానో నుంచి కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోకు 25 రోజులు నడిచిన యాత్ర ఇంకా దారిలో ఉండగానే షెన్లీ ఒప్పందానికి దిగివచ్చిందంటే కారణం అదే. గుంటూరు యార్డుకు చేరిన మిరపకు కోసినవారి ఆనవాలు ఉండదు. పైగా మా గుంపులు పనిచేసే చేల యజమానుల్లో చాలామంది కౌలు రైతులు, వారూ అప్పుల్లో ఉన్నవారే. అలాంటి రైతుపై డెలానో పద్ధతిని ప్రయోగించడం అన్యాయమని నా నమ్మకం. ఈ కథను మన పల్లెలకు తెచ్చేవారు ఎదుటి పక్షం ఎవరన్నది ముందు తేల్చుకోవాలి. మా విషయంలో తేల్చుకోవలసింది మేస్త్రీతో, రేటు గురించి, కాటా గురించి మాత్రమే.

ఆ సుగ్గిలో జరిగింది

ఊరి నుంచి ఆ ఏడు రెండు గుంపులు బయలుదేరవలసి ఉంది. మొదటి గుంపు మేస్త్రీ కొంత గునిసినా, రేటు, బండి కిరాయి ఎవరిది, పని లేని దినపు తిండి ఎవరిది అన్న మూడు సంగతులూ ఒక చీటీ మీద రాసి సంతకం పెట్టాడు. కాటా వేసేటప్పుడు మేటుగా చేసిన ఆమె పక్కన నిలబడి తన పుస్తకంలో రాసుకుంది. వారంవారం రెండు పుస్తకాలు సరిచూసుకున్నారు. తేమ కోత పూర్తిగా పోలేదు గానీ, ఎంత కోస్తున్నారో మాత్రం ఆ రోజే తెలిసేది. ఉగాదికి ఇల్లు చేరినప్పుడు చివరి లెక్క దగ్గర గొడవ జరగలేదని, అది తన పదకొండు సుగ్గుల్లో మొదటిసారని ఆమె చెప్పింది.

రెండో గుంపుకు అలా జరగలేదు. చీటీ మాట ఎత్తిన రెండో రోజునే ఆ మేస్త్రీ అడ్వాన్సు వెనక్కి ఇమ్మన్నాడు. ఖర్చయిపోయిన డబ్బును ఎవరూ తేలేకపోయారు. సగం మంది చీటీ లేకుండానే అతని వెంట పోయారు. మిగతా సగం చోటును పక్క ఊరివారితో నింపుకున్నాడు. ఆగిపోయిన తొమ్మిది కుటుంబాలు ఆ చలికాలమంతా ఎలా గడిపాయో నాకు తెలుసు, ఎందుకంటే వారి ఇళ్ళకు పోయి నేను ముఖం చూపించవలసి వచ్చింది. అడ్వాన్సు తీసుకున్నాక చీటీ అడగడానికి బలం ఉండదని, ఆ బేరం వినాయక చవితికి ముందే జరగాలని నాకు తట్టి ఉండాల్సింది. శిక్షణ దసరా తర్వాత పెట్టుకోవడం నా ఏర్పాటులోని అతి పెద్ద లోపం; దాని ఖర్చు ఆ తొమ్మిది కుటుంబాలు భరించాయి.

మరుసటి ఏడు తరగతులను శ్రావణంలోకి మార్చాం. నిధి నిలిచింది, చలికాలంలో ఆగిపోయిన కుటుంబాలకు అందులోంచి కొంత ఇవ్వాలా వద్దా అని గట్టి వాదన జరిగి, చివరికి అప్పుగా ఇచ్చారు. ఆ వాదన జరుగుతున్నప్పుడే, పక్క ఊరివాళ్ళు మన కడుపు కొట్టారు, వాళ్ళతో మాటలేంటి అని కొందరు కోపపడ్డారు. ఇట్లియాంగ్ కథ విన్నప్పుడు మొదట అందుకున్న యువకుడే లేచి, "మనం ఆగిపోయిన సంగతి వాళ్ళకు ఎవరు చెప్పినారు?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు.

శ్రావణ మాసంలో ఒక సాయంత్రం రెండు ఊళ్ళ మధ్య ఉన్న వేపచెట్టు కింద ఇరువైపులా పదేసి మంది కూర్చున్నారు. సినిమా చూపించమని నన్ను అడిగారు గానీ, నేను తీసుకుపోలేదు. మాటలు చాలాసేపు పాత పట్టింపుల మీదే తిరిగాయి. ఒకే రేటు మీద నిలబడదామన్న మాటకు పక్క ఊరివారు ఒప్పుకోలేదు. వారి అప్పులు వారివి. చీకటి పడ్డాక ఒక్క విషయం మీద కుదిరింది: ఏ మేస్త్రీ ఏ ఊళ్ళో ఎంత రేటు చెప్పినా, అడ్వాన్సు అందుకోవడానికి ముందు ఆ సంగతి రెండో ఊరికి ఫోను చేసి చెప్పాలి. ఇద్దరు స్త్రీలు, ఒక్కో ఊరి నుంచి ఒకరు, నంబర్లు రాసుకున్నారు.